కింగు సీము: లండన్‌లో మా బొగ్గుట్ట

లండన్ గురించి తెలుగులో రాయడానికి కొత్తగా ఏమీ మిగల్లేదని నాకూ తెలుసు. టవర్ బ్రిడ్జి ముందు ఒక ఫోటో, బిగ్ బెన్ కింద ఒక ఫోటో, ఎర్ర టెలిఫోన్ డబ్బాలో దూరి ఒక ఫోటో... ఈపాటికి అందరి ఆల్బముల్లోనూ ఉన్నాయి. ఇంజనీరింగ్ ఫ్రెండ్స్‌మి ముగ్గురం మొదటిసారి వెళ్ళినప్పుడు మేమూ అవే దిగాం. కాబట్టి వాటి జోలికి పోను. ఆ మూడు రోజులూ మా మధ్య నడిచిన ఒక వాదన గురించి, దానివల్ల నాకు తెలిసొచ్చిన ఒక పాత కథ గురించి చెప్తాను.

ముగ్గురిలో ఒకడిది గుంటూరు, ఒకడిది కాకినాడ. నాది టేకులపల్లి. "ఎక్కడది?" అని అడక్కుండా ఊరుకున్నవాళ్ళు ఇంతవరకూ నాకు తగల్లేదు కాబట్టి ముందే చెప్పేస్తా. ఇల్లెందు పక్కన, కొత్తగూడెం పోయే దారిలో ఉంటుంది. ఇదివరకు ఖమ్మం జిల్లా, 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరి పేరులోనే టేకుంది. చుట్టూ అడవి, అడవి కింద బొగ్గు. అదీ మా భూగోళం.

వాదన మొదలైంది టవర్ ఆఫ్ లండన్‌లో. నగలున్న చోట కిరీటాల ముందు జనం ఆగిపోకుండా కదిలే పట్టీ ఒకటి పెట్టారు. నిలబడితే చాలు, అదే మనల్ని నెమ్మదిగా ముందుకు లాక్కుపోతుంది. మనం తిరుపతిలో "జరగండి జరగండి" అని తోయించుకున్నవాళ్ళం కదా, ఇది భలే మర్యాదగా అనిపించింది. 1937లో చేయించిన మహారాణి కిరీటంలో ముందువైపున కోహినూర్ ఉంది. మావాడు పట్టీ దిగి, మళ్ళీ వెనక్కొచ్చి ఎక్కి, అలా మూడుసార్లు చూశాడు.

"మా గుంటూరు జిల్లాదిరా అది" అన్నాడు మూడోసారి దిగాక, వాళ్ళ పెరట్లో కాసిన దోసకాయని చూపించినట్టు.

వాడన్నదాంట్లో సగం నిజం ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని అందరూ చెప్పేదే, కానీ దానికి గట్టి ఆధారం లేదు. కాగితం మీద ఆ వజ్రం జాడ ఖాయంగా కనిపించేది 1739లో, నాదిర్‌షా ఢిల్లీని కొల్లగొట్టి నెమలి సింహాసనంతో పాటు పట్టుకుపోయినప్పుడు. కొల్లూరు గని మాత్రం అబద్ధం కాదు. పదిహేడో శతాబ్దంలో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు అక్కడికి వెళ్ళి, ఆడా మగా పిల్లా అందరూ కలిపి అరవై వేలమంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. ఆ అరవై వేలమందిలో ఒక్కరి పేరూ మనకు తెలీదు. కొల్లూరు ఇప్పుడు పులిచింతల ప్రాజెక్టు నీళ్ళ కింద ఉంది.

ఇంగ్లీషువాళ్ళ చేతికి అది వచ్చింది 1849లో. పంజాబ్ యుద్ధం ఓడిపోయాక లాహోర్ ఒప్పందంలో రాజ్యంతో పాటు కోహినూర్‌నీ రాయించుకున్నారు. రాసిచ్చిన మహారాజు దులీప్ సింగ్ వయసు పదేళ్ళు. మన దగ్గర పదేళ్ళ పిల్లాడి చేత సంతకం పెట్టిస్తే సెంటు స్థలం కూడా రిజిస్టర్ చెయ్యరు. 1851లో పెద్ద ఎగ్జిబిషన్‌లో జనానికి చూపిస్తే "ఇదేంటి, మెరవట్లేదు" అని పెదవి విరిచారట. మరుసటేడు దాన్ని మళ్ళీ సానబట్టించారు. 186 క్యారెట్లది కాస్తా 105కి చిక్కిపోయింది. అంటే ఇప్పుడు మనం అద్దాల వెనక చూసేది సగం చిల్లర వజ్రం అన్నమాట. 2023 నుంచి అక్కడ పెట్టిన వివరాల్లో ఇది విజయానికి గుర్తుగా చేతులు మారిన రాయి అని వాళ్ళే ఒప్పుకుంటున్నారు. అదే ఏడు జరిగిన పట్టాభిషేకంలో కొత్త రాణి ఈ రాయి లేని వేరే కిరీటం పెట్టుకుంది. కాలం మారిందనుకోవాలి.

మర్నాడు బ్రిటిష్ మ్యూజియం. టిక్కెట్టు లేదు కాబట్టి ముగ్గురం ఏకగ్రీవంగా ఓటేశాం. 33ఏ నంబరు గదిలోకి అడుగు పెట్టేసరికి గుంటూరువాడి నోట మాట పడిపోయింది. నాదీ అదే పరిస్థితి అనుకోండి. గాజు తలుపుల వెనక, నిలువెత్తు బండల మీద అమరావతి స్తూపం. ఏనుగులు, గుర్రాలు, పూలదండలు మోసే కుర్రాళ్ళు, బుద్ధుడి పాదాలు, వంగి దణ్ణం పెడుతున్న ఆడవాళ్ళు. ఇంగ్లీషులో వీటిని మార్బుల్స్ అంటారు గానీ పాలరాయి కాదు, పల్నాటి సున్నపురాయి. ఒక బండకయితే రెండువైపులా చెక్కడం ఉంది. క్రీస్తుకు ముందు ఒకవైపు చెక్కి, రెండొందల ఏళ్ళ పైన గడిచాక తిరగేసి రెండోవైపు చెక్కారు. రాతిని కూడా రీయూజ్ చేసే అలవాటు మనకు కొత్తేం కాదు.

"చూశారా! ఇది కూడా మా జిల్లాదే" అన్నాడు వాడు. ఈసారి గొంతులో నిన్నటి హుషారు లేదు. కోపం ఉంది. "మొత్తం ఎత్తుకొచ్చేశారు దొంగనాయాళ్ళు."

నేను ఊరుకోవచ్చు. కానీ ఈ స్తూపం సంగతి నేను అంతకుముందే కాస్త చదివున్నా. చదివినవాడికి నోరు ఊరుకోదు కదా.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చి, కొత్త ఊరు కట్టించడం మొదలుపెట్టాడు. కట్టడానికి రాళ్ళు కావాలి. పక్కనే దీపాలదిన్నె అనే మట్టిదిబ్బ, అందులో బ్రహ్మాండమైన చెక్కిన రాళ్ళు. అవి తవ్వి గుళ్ళకీ మెట్లకీ వాడారు. 1797 ప్రాంతంలో కల్నల్ కాలిన్ మెకంజీ ఈ మాట విని వచ్చి చూశాడు. 1816లో మళ్ళీ వచ్చేసరికి దిబ్బ నడిమధ్యన చెరువు తవ్వి ఉంది. ఇంకొన్ని బండలు సున్నపు బట్టీల్లోకి పోయాయి. బుద్ధుడి కథ చెక్కిన రాయిని కాల్చి గోడకు సున్నం కొట్టామన్నమాట. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపిన రాళ్ళు అక్కడ ఏళ్ళ తరబడి ఎండా వానల్లో పడున్నాయి. 1859లో 121 ముక్కల్ని ఓడెక్కించారు. లండన్‌లో మాత్రం వాటికి హారతి పట్టారా అంటే అదీ లేదు. 1867లో ఫెర్గూసన్ అనే ఆయన వేరే పనిమీద వెతుకుతూ ఒక బగ్గీల కొట్టంలో వీటిని చూసి నెత్తి కొట్టుకున్నాడు. 1880కి గానీ ఈ మ్యూజియంకి చేరలేదు.

"కాబట్టి దొంగ ఎవడో ఒక్కడి పేరు చెప్పడం కష్టంరా" అన్నాను.

వాడికి మండింది. మండదా మరి. "అయితే వాళ్ళు చేసింది మంచిపనే అంటావా?" అన్నాడు. అలా అనలేదు. కాపాడాం కాబట్టి మాదే అనడం న్యాయం కాదు. పక్కింటి బిడ్డ బావిలో పడబోతే పట్టుకున్నవాడు ఆ బిడ్డని ఇంటికి తీసుకుపోయి పెంచుకుంటానంటే ఒప్పుకుంటామా? కానీ బిడ్డ బావి గట్టుమీదకి ఎలా వెళ్ళింది అన్నది కూడా అడగాలి. అది మనల్ని మనం అడగాల్సిన ప్రశ్న కాబట్టి, ఎక్కువగా అడగం.

కాకినాడవాడు అప్పటిదాకా ఫోటోలు తీసుకుంటున్నవాడల్లా కెమెరా దించి నావైపు తిరిగి అన్నాడు. "సరేరా, వాడికి వజ్రం ఉంది, స్తూపం ఉంది. మీ టేకులపల్లిది ఇక్కడేముంది? ఏంట్రా, అంత మాట్లాడుతున్నావు?"

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ ప్రశ్న నాకు గుచ్చుకుంది. అవును మరి, అడవిలో పల్లె. అక్కడినుంచి లండన్‌కి ఏం వస్తుంది, అడ్డాకులా?

సాయంత్రం వెస్ట్‌మిన్‌స్టర్ బ్రిడ్జి మీద నిలబడి పార్లమెంటు వైపు చూస్తూ నిలబడ్డాం. థేమ్స్ నది మన మున్నేరు కంటే పెద్దదేమీ అనిపించదు (ఈ మాట వానాకాలంలో ఖమ్మం చూసినవాళ్ళకే అర్థమవుతుంది). ఆ భవనం చూస్తుంటే ఎప్పుడో సింగరేణి చరిత్ర చదువుతూ కళ్ళబడ్డ ఒక వాక్యం గుర్తొచ్చింది. రాత్రి హోటల్‌కి వచ్చాక మిగతా ఇద్దరూ గురకపెడుతుంటే నేను లాప్‌టాప్ తీశాను.

మా వైపు కథ ఒకటి చెప్తారు. భద్రాచలం రాములవారి దర్శనానికి నడిచి పోయే యాత్రికులు ఇల్లెందు దగ్గర ఆగి, నల్లరాళ్ళు మూడు పెట్టి పొయ్యి వెలిగించారట. అన్నం ఉడికేలోపు పొయ్యిరాళ్ళే అంటుకున్నాయట. నిజమో కాదో గానీ ఇల్లెందుని ఇప్పటికీ బొగ్గుట్ట అంటారు. కాగితాల్లో ఉన్న సంగతేమిటంటే, 1871లో భారత భూగర్భ సర్వే శాఖకు చెందిన విలియం కింగ్ అనే ఆయన ఇల్లెందు దగ్గర బొగ్గు ఉందని తేల్చాడు. పక్కనున్న సింగరేణి ఊరి పేరు మీద మొత్తం గనులకు ఆ పేరొచ్చింది.

నేల నిజాంది. కానీ నిజాం రాజ్యంలో గని తవ్వాలంటే డబ్బు కావాలి, యంత్రాలు కావాలి, రైలు కావాలి. అవన్నీ ఉన్నది లండన్‌లో. 1883లో మొదటి సాలార్‌జంగ్ చనిపోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1884లో అధికారం చేతికి తీసుకునేనాటికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. ఆ సందులో నిజాం ప్రభుత్వంలో పెద్ద అధికారి అబ్దుల్ హక్ చక్రం తిప్పాడు. 1886లో వాట్సన్, స్టివార్ట్ అనే ఇద్దరు ఇంగ్లీషువాళ్ళకు రాజ్యంలోని గనుల హక్కు రాసిచ్చారు. ఆ హక్కు చేతబట్టుకుని లండన్‌లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ పెట్టారు. మా అడవి కింద ఉన్న బొగ్గు మీద హక్కు ఆ కంపెనీది.

ఇక్కడినుంచి లెక్క జాగ్రత్తగా చూడండి. స్టార్టప్‌ల గురించి తెలిసినవాళ్ళకి తేలిగ్గా అర్థమవుతుంది. కంపెనీ మూలధనం పది లక్షల పౌండ్లు. ఒక్కోటి పది పౌండ్ల చొప్పున లక్ష షేర్లు. అందులో 85,000 షేర్లు, డబ్బంతా కట్టేసినట్టు రాసి, హక్కు తెచ్చిన పెద్దమనుషులకే ఇచ్చేశారు. వాళ్ళు పెట్టింది ఏమిటి? నిజాం ఇచ్చిన హక్కు కాగితం. అంటే బొగ్గు తవ్వడానికి నిజంగా డబ్బు రావాల్సింది మిగిలిన 15,000 షేర్ల మీదే. ఒక్క తట్ట బొగ్గు తియ్యకముందే నూటికి ఎనభై ఐదు వంతులు చేతులు మారిపోయింది.

ఇంతటితో ఆగితే ఏ కంపెనీలోనైనా ఉండే గారడీయే అనుకుని వదిలెయ్యొచ్చు. కానీ అబ్దుల్ హక్ ఇంకో మెట్టు పైకెక్కాడు. ఈ కంపెనీ షేర్లు కొంటే రాజ్యానికి లాభమని నిజాం ప్రభుత్వం చేత వేల షేర్లు కొనిపించాడు, అదీ అసలు ధర కంటే ఎక్కువకి. మార్కెట్లో ఎవరి దగ్గరో కొన్నట్టు చూపించిన ఆ షేర్లు నిజానికి తన వాటాకు వచ్చినవే. తన ఇంటి మామిడికాయల్ని తన యజమాని డబ్బుతో, సంత ధర కంటే ఎక్కువ పెట్టి తనే కొన్నట్టు.

సంగతి బయటపడింది. 1888లో బ్రిటిష్ పార్లమెంటు ఈ హైదరాబాద్ దక్కన్ గనుల కంపెనీ వ్యవహారం మీద ఒక సెలెక్ట్ కమిటీ వేసింది. నిజాం తరఫున వాదన వినిపించడానికి హైదరాబాద్ నుంచి మెహదీ అలీ (మొహసిన్-ఉల్-ముల్క్ అని బిరుదు, తర్వాత అలీఘర్ కాలేజీ పెద్దల్లో ఒకడయ్యాడు) ఓడెక్కి వచ్చాడు. మేము సాయంత్రం బ్రిడ్జి మీద నిలబడి ఫోటోలు దిగిన ఆ పార్లమెంటే. ఇల్లెందు బొగ్గు కోసం అక్కడ సాక్షుల్ని పిలిచి ప్రశ్నలు వేశారు. కమిటీ ఈ వ్యవహారాన్ని తప్పుబట్టింది. అబ్దుల్ హక్ పదవి పోయింది. కంపెనీ హక్కు మాత్రం పోలేదు. 1920 దాకా ఆ కంపెనీయే తవ్వుకుంది.

రాత్రి రెండింటికి గుంటూరువాణ్ణి లేపాలనిపించింది. "ఒరే, మాది కూడా ఇక్కడుందిరా!" అని. కానీ చూపించడానికి ఏముంది? వజ్రం కిరీటంలో ఉంటుంది. స్తూపం గాజుతలుపుల వెనక ఉంటుంది. బొగ్గు కాలిపోతుంది. అన్నిటికంటే ముందు అదే లోకాన్ని నడిపించి, అన్నిటికంటే ముందు బూడిదవుతుంది. దానికి మ్యూజియం గది కట్టేదెలా? మా ఇల్లెందు బొగ్గు లండన్ దాకా వచ్చి ఏ పొయ్యిలోనూ కాలలేదు కూడా. రైలింజన్లకి, మిల్లులకి మన దగ్గరే ఖర్చయింది. లండన్‌కి వచ్చింది బొగ్గు మీద రాసిన కాగితం. కాగితం మీద వచ్చిన లాభం.

ఆ మూడూ పక్కపక్కన పెట్టి చూసుకున్నా. వజ్రం యుద్ధంలో పోయింది, పసివాడి సంతకంతో. స్తూపం అలుసులో పోయింది, ముందు మన చేతుల్లో, తర్వాత వాళ్ళ చేతుల్లో. బొగ్గు చట్టబద్ధంగా పోయింది. సంతకాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, ముద్రలు పడ్డాయి, ఎవరూ తుపాకీ పేల్చలేదు. మూడింటినీ కలిపి "తెల్లోడు దోచుకుపోయాడు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే మనకు తృప్తిగానే ఉంటుంది. కానీ మూడో రకం దోపిడీ ఇంకా ఎక్కడైనా జరుగుతుంటే దాన్ని గుర్తుపట్టే కన్ను మనకు ఉండదు. ఎందుకంటే అందులో తెల్లోడు ఉండాల్సిన అవసరం లేదు.

నేను ఊహించి చెప్పట్లేదు. కంపెనీ కథ తర్వాత ఏమైందో చూద్దాం. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ హైదరాబాద్ చట్టం కింద ఏర్పడి, పాత లండన్ కంపెనీ ఆస్తులన్నీ తీసుకుంది. 1945లో నిజాం ప్రభుత్వం ఎక్కువ వాటా కొనేసింది. అంటే 1886లో ఊరికే రాసిచ్చిన మన బొగ్గునే 1945లో డబ్బు పెట్టి వెనక్కి కొనుక్కున్నారు. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ చేతికి, 2014 నుంచి తెలంగాణ చేతికి వచ్చింది. ఇప్పుడు రాష్ట్రానికి 51, కేంద్రానికి 49 వంతులు. మా వైపు ఇళ్ళల్లో సింగరేణి అంటే కంపెనీ కాదు, బతుకు. 'బాయి మీద నౌకరీ' అంటే పిల్లనిచ్చేవాళ్ళు రెండో ప్రశ్న అడిగేవాళ్ళు కాదు.

2021 డిసెంబర్‌లో 9 నుంచి 11 దాకా మూడు రోజులు సింగరేణి కార్మికులు సమ్మె చేశారు. జీతాల కోసం కాదు. కేంద్రం నాలుగు బొగ్గు బ్లాకుల్ని వేలానికి పెట్టింది, వాటిని సింగరేణికే ఇవ్వాలని. ఆ నాలుగింట్లో ఒకటి కోయగూడెం బ్లాక్-3. కోయగూడెం మా టేకులపల్లి మండలమే. పేరులోనే ఉంది ఎవరి గూడెమో. అప్పటికే అక్కడ ఓపెన్ కాస్ట్ ఉంది. మేం ఓసీ అంటాం. ఓసీ వచ్చిందంటే ఊరి పక్కన కొత్త గుట్ట పుడుతుంది, తవ్విపోసిన మట్టి గుట్ట. బ్లాస్టింగ్ పెడితే వంటింట్లో గిన్నెలు మాట్లాడతాయి. వేలం జరిగింది. బ్లాకు ఒక ప్రైవేటు కంపెనీకి వెళ్ళింది.

1886కీ 2021కీ తేడా లేదని నేననను. ఉంది. అప్పుడు హక్కు రహస్యంగా రాసిచ్చారు, ఇప్పుడు బహిరంగ వేలం. అప్పుడు కోయవాళ్ళని అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు, ఇప్పుడు గ్రామసభ అనే మాట చట్టంలో ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని ప్రైవేటు గనులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో చెప్పింది. ఇన్ని ఉన్నా మా నాన్నకి కోయగూడెం బ్లాకు సంగతి తెలిసింది పేపర్లో. 1886లో అక్కడున్నవాళ్ళకి పేపర్ కూడా లేదు. తేడా అంతవరకూ ఉందని ఒప్పుకుంటా.

మూడోరోజు మావాళ్ళకు ఈ కథంతా చెప్పాను, బ్యాటర్‌సీ పవర్‌హౌస్ దగ్గర కూర్చుని. నాలుగు పెద్ద పొగగొట్టాలున్న ఆ పాత భవనం మీరూ ఫోటోల్లో చూసుంటారు. ఒకప్పుడు బొగ్గుతో కరెంటు తీసిన చోటు. 1983లో మూతపడింది. 2022లో షాపింగ్ మాల్‌గా తెరిచారు. లోకంలో బొగ్గుతో జనానికి కరెంటిచ్చిన మొదటి కేంద్రం కూడా ఈ లండన్‌లోనే, హోల్బర్న్ దగ్గర, 1882లో మొదలైంది. 1952 డిసెంబర్‌లో అదే బొగ్గుపొగ మంచుతో కలిసి ఐదు రోజులు ఊరిని కమ్మేసి వేలమందిని చంపింది. 2024 సెప్టెంబర్ 30న ఆ దేశంలో చిట్టచివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని ఆపేశారు. నూట నలభై రెండేళ్ళు కాల్చారు, లాభం చూశారు, చెయ్యి కడుక్కున్నారు. పొగగొట్టాల కింద ఇప్పుడు కాఫీ అమ్ముతున్నారు. మేమూ తాగాం. బాగానే ఉంది.

కాకినాడవాడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అయితే మీ బొగ్గుట్ట ఓసారి చూపించరా" అన్నాడు. "ఏముందిరా చూడ్డానికి" అనబోయి ఆగిపోయాను. లండన్‌లో రాయికీ రప్పకీ ఒక పలక పెట్టి, ఫలానావాడు ఫలానా ఏడు ఇక్కడ ఉన్నాడు అని రాస్తారు. అందుకే అక్కడ ప్రతిదీ చూడదగ్గ స్థలమే. ఇల్లెందులో పాత అండర్‌గ్రౌండ్ గనులు ఒక్కొక్కటే మూతపడుతుంటే నేను బస్సు కిటికీలోంచి చూస్తూ కాలేజీకి పోయినవాణ్ణే. పన్నెండేళ్ళు ఆ వైపు బడుల్లో చదువుకున్నా, ఫ్రెంచి విప్లవం తేదీలు బట్టీపట్టా గానీ, నా కాళ్ళ కింద ఉన్నది ఎవరు ఎవరికి అమ్మారో లండన్ హోటల్ గదిలో చదువుకోవాల్సి వచ్చింది. ఇందులో తప్పు ఏ తెల్లోడిదీ కాదు.

ఇంకొక్క ముక్క చెప్పి ముగిస్తా. మా తాత ఇల్లెందులో బాయి పని చేశాడు. ఫిల్లర్. అంటే పేల్చిన బొగ్గుని తట్టకెత్తి టబ్బులు నింపే పని. నాకు ఊహ తెలిసేనాటికే దగ్గుతో మంచాన పడ్డాడు. ఆయన మాటల్లో తరచూ వచ్చేది "కింగు సీము". కింగు సీములో ఫలానా రోజు కప్పు కూలింది, కింగు సీములో నీళ్ళు ఊరినాయి... సీము అంటే భూమిలో బొగ్గు పొర. చిన్నప్పుడు నాకు కింగు అంటే రాజుగారే. నిజాం రాజుగారి గనిలో మా తాత పనిచేశాడని బడిలో గొప్పలు చెప్పుకున్నా. క్వీన్ సీము అని ఇంకోటి ఉందని తెలిశాక నా నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఆ రాత్రి లండన్‌లో చదువుతుంటే గానీ తెలీలేదు. ఆ పొరకి పేరు పెట్టింది 1871లో బొగ్గు కనిపెట్టిన డాక్టర్ విలియం కింగ్ పేరు మీద. ఆయన ఇంటిపేరు కింగ్, అంతే. బొగ్గు కనిపెట్టినవాడి పేరు పొరకి ఉంది. హక్కు కొన్నవాళ్ళ పేర్లు పార్లమెంటు కాగితాల్లో ఉన్నాయి. దాన్ని తట్టకెత్తినవాళ్ళ పేర్లు మస్టర్ బుక్కుల్లో ఉండేవి. ఆ బుక్కులు ఎవరైనా దాచారో, చెదలకు వదిలారో, వెళ్ళినప్పుడు అడగాలి.

పొద్దున్నే ఇంటికి ఫోన్ చేశాను. "నాన్నా, కింగు సీము అంటే రాజు కాదంట. బొగ్గు కనిపెట్టిన దొర ఇంటిపేరంట."

కాసేపు అవతల చప్పుడు లేదు. తర్వాత నవ్వాడు.

"అట్లనా? మీ నాయనమ్మకు మాత్రం చెప్పకురా. మీ తాత రాజుగారి బాయిలో పని చేసిండని ఇప్పటికీ అందరికీ చెప్పుకుంటది."

చెప్పలేదు.